అద్దం వైపు బొట్టు

14 అక్టోబర్ 2002, సోమవారం

నాకు కోపం లేదు. జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకుంటున్నాను, అంతే.

ప్రెస్సులో ఇవాళ ఆయుధపూజ. గణేష్‌బాబు పొద్దున్నే కంప్యూటర్‌లో కొత్త విండోస్ ఎక్కించడం మొదలుపెట్టాడు. తొంభై ఎనిమిది పోయి ఎక్స్‌పీ. పాలకొల్లులో మరే ప్రెస్సులోనూ లేదట. "మహర్నవమి కంటే మంచి రోజు ఏముంటుంది బావగారూ" అని వీరాస్వామి గారిని ఒప్పించాడు. ప్రెస్సు వీరాస్వామి గారిది. బావమరిది ఆర్నెల్ల కోర్సు చేసి సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించుకున్నాడు కాబట్టి కంప్యూటర్ బావమరిదిది. దాని ముందు రోజంతా కూర్చుని కంపోజింగ్ చేసేది మాత్రం నేను.

తెర నీలంగా ఉంది. పని ఇంకా సగం కాలేదు. అప్పుడు వరలక్ష్మమ్మ పళ్లెంతో వచ్చింది. వీరాస్వామి గారి తల్లి. ఎదురుగా అయితే మామ్మగారూ, రండి, కూర్చోండి అంటాను. ఇక్కడ అనను. ఈ పుస్తకం నాది.

ఆఫ్‌సెట్ మిషన్‌కి, కటింగ్ మిషన్‌కి బొట్లు పెట్టి, కంప్యూటర్ దగ్గరికొచ్చి ఆగింది.

"ఇదేంటి, ఇదింకా పని చేస్తోంది? ఇవాళ ఆయుధాలకి విశ్రాంతి ఇవ్వాలి కదర్రా."

మెయిన్ కిందికి లాగేసింది.

"మామ్మగారూ, ఆగండి" అన్నాను. ఆ మాట నాకే సరిగా వినపడలేదు. యూపీఎస్ బ్యాటరీ ఎండాకాలంలోనే చచ్చింది. తెర నల్లబడింది.

పూజయ్యాక మెయిన్ వేస్తే నల్లటి తెర మీద ఒకే ఒక్క తెల్ల లైను. ఏదో ఫైలు లేదు, మళ్లీ మొదలుపెట్టండి అని. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే లైను. గణేష్‌బాబుకి చెమట పట్టింది. సీడీ బయటికి తీశాడు.

"అత్తయ్యగారూ, దీనికి కూడా ఓ బొట్టు పెట్టండి. కొత్తది కదా, దిష్టి తగిలుంటుంది."

వరలక్ష్మమ్మ సీడీని అటూ ఇటూ తిప్పింది. అద్దంలా మెరిసే వైపు తన ముఖం చూసుకుని ముచ్చటపడింది. ఆ వైపే పసుపు రాసి కుంకుమ అద్దింది. గణేష్‌బాబు అప్పుడు కొబ్బరికాయకి పీచు తీస్తున్నాడు. చూసింది నేనొక్కదాన్నే. పసుపు ఆరాక పేరున్న వైపు పైకి పెట్టి లోపలికి తోశాడు. కాసేపు నడిచింది. తర్వాత ఫలానా ఫైలు కాపీ కావడం లేదని చెప్పి ఆగిపోయింది.

"హార్డ్ డిస్క్ పోయింది బావగారూ."

"ఎలా పోయిందయ్యా? నిన్నటిదాకా నిక్షేపంలా ఉంది కదా?"

గణేష్‌బాబు మెయిన్ వైపు చూడలేదు. వరలక్ష్మమ్మ వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"పొద్దున్న నాకంటే ముందు ఈ అమ్మాయే ఆన్ చేసిందండి."

హాల్లో అందరూ ఉన్నారు. మిషన్ తిప్పే చిట్టియ్య గారు, బైండింగ్ వాళ్లు, పెళ్లికార్డుల కోసం మండపేట నుంచి వచ్చిన రైసుమిల్లు వాళ్లు. వరలక్ష్మమ్మ నా దగ్గరికి వచ్చి నిలబడింది. గొంతు తగ్గించలేదు.

"ఏమ్మాయ్, బయటున్నావా ఏంటి? ఉండి చెప్పకుండా పూజలో ముట్టుకున్నావా?"

లేను. ఇంకా వారం ఉంది. లేనండి అంటే సరిపోయేది. అంతమంది మగవాళ్ల ముందు ఆ మాట గొంతులోంచి రాలేదు. తల వంచుకున్నాను. తల వంచుకుంటే ఒప్పుకున్నట్టే కదా.

"చూశారా, మాట్లాడదు. చదువుకున్న పిల్లలంతా ఇంతే. వెళ్లు, వెళ్లి తలకి పోసుకో."

మండపేట వాళ్లలో చారల చొక్కా అతను నవ్వాడు.

నోరు మూసుకుని కూర్చోవడం కాన్వెంట్‌లో నేర్పారు. దానికి మార్కులు కూడా వేసేవారు. నాకెప్పుడూ ఫస్టే.

నాకు కోపం లేదు.

15, మంగళవారం

దసరా. గుడికి రమ్మంది అమ్మ. తలనొప్పి అన్నాను. ప్రెస్సు సంగతి అప్పటికే ఎవరో అమ్మ చెవిన వేశారు. "నిజంగానే ఉన్నావేంటే?" అని అడిగింది.

అమ్మ కూడా.

16, బుధవారం

కంప్యూటర్ మీద తెల్లగుడ్డ కప్పారు. నేను కుర్చీలో కూర్చోబోతుంటే గణేష్‌బాబు "నువ్వు దాని జోలికి రాకమ్మా శ్రీసత్యా. నేను చూసుకుంటాలే" అన్నాడు. నన్ను బైండింగ్ బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అచ్చయిన శుభలేఖలకు నాలుగు మూలలా పసుపు పెట్టాలి. పసుపు పెట్టడానికి నా చెయ్యి పనికొస్తుందన్నమాట. తలకి పోసుకున్నాను కదా.

పసుపు పెడుతూ ఉన్నాను. లోపల సీడీకి కూడా పసుపుంది. ఆ సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. రోజంతా ఆ మాట చప్పరిస్తూనే ఉన్నాను, కరగకుండా.

చిట్టియ్య గారు మధ్యాహ్నం నా పక్కకొచ్చి టీ గ్లాసు పెట్టారు. "ఆడలేక మద్దెల ఓడన్నాడట అమ్మా. నువ్వు మనసులో పెట్టుకోకు."

పెట్టుకోలేదని చెప్పాను.

ఒక్కటే భయం. పాపాయి గారి పుస్తకం ఆ కంప్యూటర్‌లోనే ఉంది. మరెక్కడా లేదు. గోదావరి లంకల్లో నలభై ఏళ్లు పురుళ్లు పోసిన నర్సమ్మ ఆవిడ. చేతులు వణుకుతాయి, రాయలేరు. వేసవి నుంచి రోజూ మధ్యాహ్నం ప్రెస్సుకొచ్చి నా పక్కన కూర్చుని చెప్పేవారు. నేను వింటూ టైపు చేసేదాన్ని. కాగితం మీద ఒక్క ముక్క లేదు. అధ్యాయాలన్నీ డి డ్రైవ్‌లో పెట్టాను. చివరిదైన వరద అధ్యాయం ఒక్కటీ డెస్క్‌టాప్ మీద ఉండిపోయింది. ఆ రోజు బయట ఆటో అతను ఒకటే హారన్ కొడుతుంటే తొందరలో అక్కడే సేవ్ చేశాను. ఫ్లాపీలోకి రేపు ఎక్కిద్దామనుకున్నాను.

ఆ రేపు ఆవిడకి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది.

డిస్క్ పోలేదు. నాకు తెలుసు. బొట్టు తుడిస్తే చాలు.

17, గురువారం

పాపాయి గారిని చూడ్డానికి వెళ్లాను. ఎడం వైపంతా పడిపోయింది. కుడిచేతి వేళ్లు కదులుతున్నాయి. కోడలు ఒక పద్ధతి పెట్టింది. మంచం పట్టె మీద ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు.

"రోజూ గుమ్మం వైపే చూస్తారమ్మా, పుస్తకం పట్టుకుని నువ్వొస్తావని" అంది కోడలు. "ఎప్పటికవుతుంది?"

"దీపావళికల్లా అండి."

పాపాయి గారు నా ముఖంలోకి చూశారు. ఎన్ని వందలమంది ఆడవాళ్లు 'నొప్పి లేదు' అని అబద్ధమాడుతుంటే చూసిన కళ్లు. రెండుసార్లు తడతారేమోనని భయపడ్డాను. తట్టలేదు.

మూడో అధ్యాయంలో ఆవిడ అన్న మాట ఒకటుంది. నేను టైపు చేస్తూ ఆగిపోతే, "రాయి అమ్మడూ, సిగ్గుపడకు" అని మళ్లీ చెప్పారు. "రక్తం చూసి దేవుడు ఎప్పుడూ పారిపోలేదు. పారిపోయింది మొగుళ్లు, పురోహితులు."

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు.

18, శుక్రవారం

శుక్రవారం శుక్రవారం వరలక్ష్మమ్మ మిషన్లన్నిటికీ సాంబ్రాణి ధూపం వేస్తుంది. ఇవాళ కంప్యూటర్‌కి కాస్త ఎక్కువ వేసింది. గణేష్‌బాబు దగ్గుతూ మళ్లీ సీడీ పెట్టాడు. మళ్లీ అదే ఫైలు దగ్గర ఆగింది. సీడీ తీసి చొక్కాకి తుడిచాడు, పైన పేరున్న వైపు. మళ్లీ పెట్టాడు.

నవ్వు రాకుండా నాలుక కొరుక్కున్నాను.

"ఫార్మాట్ కొట్టేస్తాను బావగారూ. మొత్తం తుడిచిపెట్టి శుభ్రంగా ఎక్కిద్దాం."

"మొత్తమంటే? నా కార్డుల డిజైన్లో?"

"పోతాయి మరి."

"అయితే వద్దు. కార్తీకమాసం ముంచుకొస్తోంది, పెళ్లిళ్ల సీజను. రాజమండ్రి పంపించేద్దాం."

"రాజమండ్రి ఎందుకండీ, నేను లేనా?"

నా వేళ్ల కింద శుభలేఖ మూల నలిగిపోయింది. ఫార్మాట్ కొడితే పాపాయి గారి పుస్తకం కూడా పోతుంది. నోటిదాకా వచ్చింది, సీడీ తిప్పి చూడండి అని. అప్పుడే వరలక్ష్మమ్మ ధూపం పట్టుకుని నా వైపు వచ్చి, నా దగ్గర ఆగి, "ఇవాళ బాగానే ఉన్నావా?" అని అడిగింది. బైండింగ్ అమ్మాయిలు పని ఆపి విన్నారు.

బాగానే ఉన్నానండి అన్నాను. నోటిదాకా వచ్చింది మింగేశాను.

19, శనివారం

సాయంత్రం వీరాస్వామి గారు పిలిచారు. పక్కన ఎవరూ లేరు.

"శ్రీసత్యా, నువ్వు ఆ ఇంగ్లీషు పుస్తకాలూ అవీ చదువుతావు కదా. దీని సంగతేమన్నా తెలుసామ్మా? కుడితిలో పడ్డ ఎలకలా ఉంది నా పని."

మంచాయన. ఆ రోజు కూడా ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం కూడా నేను రాసి పెట్టుకున్నాను.

"విండోస్ మీద ఒక పుస్తకం ఉంది, అది చూడాలండి. చూసి వచ్చే వారం ప్రయత్నిస్తాను. అప్పటిదాకా ఫార్మాట్ మాత్రం చెయ్యనివ్వకండి."

"వచ్చే వారమా? రేపు ఆదివారమే కదా, వచ్చి చూడకూడదూ?"

"పుస్తకం పెద్దదండి."

పుస్తకం నా దగ్గరే ఉంది. నిన్ననే పూర్తయింది. పుస్తకం కోసం కాదు ఆగడం.

బయటున్నావా అని అడిగింది కదా. ఉంటాను. ఉన్న రోజునే వెళ్లి, ఆవిడ పెట్టిన బొట్టు నా చేత్తో తుడిచి, దాన్ని బాగుచేస్తాను. ఆవిడ హారతిచ్చాక, కొబ్బరికాయ కొట్టాక, అందరి ముందూ చెబుతాను. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడం మర్యాద. కాన్వెంట్‌లో అది కూడా నేర్పారు.

రెండు మూడు రోజుల్లో రావాలి.

20, ఆదివారం

రాలేదు.

21, సోమవారం

రాలేదు. ప్రెస్సులో పసుపు. వేళ్లు పచ్చబడిపోయాయి, సబ్బుతో పోవడం లేదు. పెళ్లికూతుర్ని చేశారా అని చిట్టియ్య గారు ఏడిపించారు.

22, మంగళవారం

ఎప్పుడూ చెప్పిన రోజుకి వచ్చేది. అవసరం పడ్డాక ఒళ్లు కూడా బెట్టు చేస్తోంది. మధ్యాహ్నం చిమ్మిలి చేసుకుని తిన్నాను. రాత్రి మళ్లీ తిన్నాను. "నువ్వులు అంత వేడే, ఏంటా తిండి?" అంది అమ్మ. ఆకలేస్తోందన్నాను. రేపు బొప్పాయి కొనాలి.

అనాల్సిన మాటలు అద్దం ముందు అని చూసుకున్నాను. మూడోసారికి గొంతు వణకలేదు.

వీరాస్వామి గారు అడిగారు, పుస్తకం ఎంతవరకు వచ్చిందమ్మా అని. డెస్క్‌టాప్, మై డాక్యుమెంట్స్ ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పే పేజీల్లో ఉన్నానని చెప్పాను. నిజమే, అవి మళ్లీ తిరగేశాను. పనికిమాలిన పేజీలు.

23, బుధవారం

బొప్పాయి. ఏమీ లేదు.

24, గురువారం

గణేష్‌బాబు ఇవాళ తెగించాడు. బైండింగ్ బల్ల దగ్గరికి వాడి మాటలన్నీ వినబడ్డాయి.

"పాత విండోస్ ఫోల్డర్ ఉంది, చెరిపేసి కొత్తది పెట్టమంటావా అని అడుగుతోంది బావగారూ. పెట్టమంటే ఎల్ నొక్కమంది. నొక్కేశాను."

"డిజైన్లు పోవు కదా?"

"అవన్నీ డిలో ఉన్నాయండి. డి నేను ముట్టుకోలేదు. పాత విండోస్ ఒక్కటే పీకేశాను, పీడా పోయింది."

పాతది పోయింది. కొత్తది మళ్లీ అదే ఫైలు దగ్గర ఆగింది. వాడు సీడీని బల్ల మీద విసిరికొట్టాడు. అది దొర్లుకుంటూ బోర్లా పడింది. కుంకుమ బొట్టు పైకి కనబడింది. వాడు ఎదురుగా నిలబడి కూడా చూడలేదు. సిగరెట్ కోసం బయటికి వెళ్లిపోయాడు.

ఆ సీడీ చూస్తూ కూర్చున్నాను. నాలుగడుగుల దూరం. చీర కొంగు చాలు.

డి ముట్టుకోలేదు. కాబట్టి ఏమీ కాలేదు. ఏదో అనిపిస్తోంది కానీ ఏంటో అందడం లేదు. డి ముట్టుకోలేదు. చాలు.

25, శుక్రవారం

తెల్లారి వచ్చింది. శుక్రవారం రోజున. ఇంతకంటే ఏం కావాలి.

అమ్మ పక్క గదిలో చాప వేయబోయింది. "ప్రెస్సుకి వెళ్తున్నాను" అన్నాను. "ఇవాళా? ధూపం వేసే రోజు కదే?" అంది. "అందుకే" అన్నాను.

వీరాస్వామి గారికి పుస్తకం పూర్తయిందని చెప్పాను. గుడ్డ తీశారు. గణేష్‌బాబు చేతులు కట్టుకుని గోడకానుకున్నాడు. "కానీ, చూద్దాం. మేం చెయ్యలేంది పుస్తకాలు చేస్తాయేమో."

సీడీని వెలుగు వైపు పట్టుకున్నాను. పసుపు ఎండి బెరడు కట్టింది. మెత్తని గుడ్డ తడిపి, మధ్యలోంచి అంచు వైపుకి మెల్లగా తుడిచాను. గుడ్డ మీద ఎర్రగా, పచ్చగా మరక. గుడ్డ మడిచి జాగ్రత్తగా నా సంచిలో పెట్టుకున్నాను.

"చిట్టియ్య గారూ, ఆ మెయిన్ దగ్గర నిలబడండి. ఎవరొచ్చినా ముట్టుకోనివ్వకండి."

"దేవుడొచ్చినా?"

"దేవుడొస్తే నన్ను పిలవండి."

ఫైళ్లు వరసగా ఎక్కాయి. రోజూ ఆగే ఫైలు వచ్చింది. దాటిపోయింది. గణేష్‌బాబు గోడ నుంచి లేచి నిలబడ్డాడు. నేను వాడి వైపు చూడలేదు. చూడకపోవడం ఎంత రుచిగా ఉంటుందో ఇవాళే తెలిసింది. మధ్యాహ్నం భోజనాల వేళకి పచ్చటి గుట్ట, నీలం ఆకాశం తెర మీదికొచ్చాయి. డి తెరిచి చూపించాను. కార్డుల డిజైన్లన్నీ ఉన్నాయి. పాపాయి గారి ఫోల్డర్ కూడా ఉంది.

"బతికించావు తల్లీ!" అన్నారు వీరాస్వామి గారు. చిట్టియ్య గారు మెయిన్ వదలకుండానే ఒంటి చేత్తో తొడ మీద చప్పట్లు కొట్టారు. మండపేట వాళ్లు కార్డుల కోసం వచ్చి కూర్చున్నారు. చారల చొక్కా అతను కూడా. నేను కోరుకున్నా ఇంత కుదిరేది కాదు.

వరలక్ష్మమ్మ ధూపంతో వచ్చింది. తెర చూసి కళ్లొత్తుకుంది. మానిటర్‌కి బొట్టు పెట్టింది, హారతిచ్చింది, కొబ్బరికాయ కొట్టించింది. ఆ చిప్పలోంచి మొదటి ముక్క తీసి నా నోట్లో పెట్టి, గడ్డం పట్టుకుంది. "బంగారు తల్లి. నీ చెయ్యి మంచిదే అమ్మాయ్."

కొబ్బరి నమిలి మింగాను. తొందరపడలేదు.

"మామ్మగారూ, పూజ రోజున మీరొకటి అడిగారు. అప్పుడు చెప్పలేదు. ఆ రోజు లేనండి."

"ఏం లేవు?"

"బయట. ఆ రోజు లేను. ఇవాళ ఉన్నాను. తెల్లారినప్పటి నుంచి."

ఆఫ్‌సెట్ మిషన్ ఆగి ఉంది.

"కంప్యూటర్ పాడైంది నా వల్ల కాదండి. మీరు మెయిన్ లాగినందుకు. తర్వాత ఎక్కనిది మీరు సీడీకి అద్దం వైపు బొట్టు పెట్టినందుకు. ఆ బొట్టు నేనే తుడిచాను. ఇవాళే, ఈ చేత్తోనే."

వరలక్ష్మమ్మ నా గడ్డం పట్టుకున్న చెయ్యి చూసుకుంది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చీరకి తుడుచుకోబోయి మానేసింది. తర్వాత పెరట్లోకి పరుగెత్తి, చెంబులో పసుపునీళ్లు కలుపుకుని వచ్చింది. కంప్యూటర్ మీదికి చెయ్యి ఎత్తింది.

"చల్లకండి మామ్మగారూ. నీళ్లు పడితే ఈసారి నిజంగానే పోతుంది."

చెయ్యి గాల్లోనే ఆగింది. వేళ్ల చివర్ల నుంచి పసుపునీళ్లు ఆవిడ పాదాల మీదే పడుతున్నాయి. గణేష్‌బాబు వైపు చూసింది. "అవునండి అత్తయ్యగారూ" అన్నాడు వాడు, నేల చూస్తూ. జీవితంలో వాడు చెప్పిన మొదటి నిజం.

"అమ్మా, చెంబు కింద పెట్టు" అన్నారు వీరాస్వామి గారు.

చారల చొక్కా అతను తన శుభలేఖని మొదటిసారి చదువుతున్నట్టు చదువుకుంటున్నాడు.

ఇక రోజూ ఆవిడ ఆ కంప్యూటర్‌ని దాటుకుంటూ వెళ్లాలి. దాన్ని కడగడానికి లేదు, పారెయ్యడానికి లేదు. దాని మీదే కొడుకు సంపాదన. నేను రోజూ దాని ముందు కూర్చుంటాను. అన్ని రోజులూ.

ఇలా ఉంటుందని తెలిస్తే చిన్నప్పుడే మొదలుపెట్టేదాన్ని.

26, శనివారం

ఫాంట్లు ఎక్కించి పాపాయి గారి ఫోల్డర్ తెరిచాను. అధ్యాయాలన్నీ ప్రింటు తీశాను. వరద అధ్యాయం లేదు.

డెస్క్‌టాప్ ఖాళీ. పచ్చగుట్ట ఒక్కటే ఉంది.

వెతికాను. డిస్క్ మొత్తం వెతికాను.

విండోస్ తొంభై ఎనిమిదిలో డెస్క్‌టాప్ మీద పెట్టినవి విండోస్ ఫోల్డర్ లోపలే ఉంటాయి. ఆ ఫోల్డర్‌నే గురువారం చెరిపేశారు. ఈ సంగతి పుస్తకంలో ఉంది. పనికిమాలిన పేజీలు అని రాశాను.

గణేష్‌బాబు చెరిపాడు. ఎల్ నొక్కింది గణేష్‌బాబు. నేను కాదు.

నేను చెప్పినా వాడు వినేవాడు కాదు. చెప్పినా నొక్కేవాడు. గణేష్‌బాబు నొక్కాడు.

శనివారం వీరాస్వామి గారు అడిగినప్పుడే నేను

గణేష్‌బాబు నొక్కాడు.

27, ఆదివారం

ప్రింట్లు పట్టుకుని పాపాయి గారింటికి వెళ్లాను. కోడలు సంతకి వెళ్లింది. తలగడ ఎత్తు చేసి, మంచం పక్కన కూర్చున్నాను.

చదవడానికి ముందు శుక్రవారం సంగతి చెప్పాను. ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది, ఆవిడకైతే నచ్చుతుందని తెలుసు. అన్నీ చెప్పాను. సీడీ మీద బొట్టు ముందే చూసిన సంగతి, వారం రోజులు ఆగిన సంగతి, నువ్వులు తిన్న సంగతి. చెంబు దగ్గరికి వచ్చేసరికి పాపాయి గారికి నవ్వొచ్చింది. నోరు ఒక వైపే నవ్వింది. కానీ భుజాలు ఊగాయి, కంట్లోంచి నీళ్లు కారాయి. తుడిచాను. నేను కూడా నవ్వాను. అంత నవ్వి ఎన్నాళ్లయిందో.

తర్వాత చదివాను. పొద్దు వాలేదాకా చదివాను. 'రక్తం చూసి దేవుడు' దగ్గర ఒకసారి తట్టారు. ఆఖరి కాగితం అయిపోయింది. ఒకసారి తట్టారు. చదువు అని.

"అయిపోయిందండి."

రెండుసార్లు.

"అయిపోయిందండి పాపాయి గారూ."

రెండుసార్లు. గట్టిగా.

"వరద అధ్యాయం లేదండి. గణేష్‌బాబు చెరిపేశాడు. గురువారం."

చెయ్యి ఆగిపోయింది. నా ముఖంలోకి చూస్తున్నారు. గురువారం తర్వాతే శుక్రవారం వస్తుందని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. మిగతాదంతా ఇందాక నేనే నవ్విస్తూ చెప్పాను.

వేళ్లు కదల్లేదు. ఒకటి లేదు, రెండు లేదు.

"కోపంగా ఉందాండీ?"

ఒకటి.

నా దగ్గర జవాబులు చాలా ఉన్నాయి. అద్దం ముందు అని చూసుకున్నవి కూడా. ఒక్కటీ అనలేదు.

"నాకు చాలావరకు గుర్తుందండి. నేను రాసేస్తాను."

రెండు. ఆవిడ మాటలు నన్ను రాయనివ్వరు.

"పోనీ, నేను ఒక్కో వాక్యం అంటాను. అదో కాదో మీరు చెప్పండి. ఎన్నాళ్లయినా సరే, రోజూ వస్తాను."

చాలాసేపు కిటికీ వైపు చూశారు. నేను లేచి వెళ్లిపోవాలేమో అనుకున్నాను. అప్పుడు పట్టె మీద ఒకసారి చప్పుడయింది.

ప్రింటు కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీశాను.

"వరద రాత్రి వచ్చింది."

రెండు.

"తెల్లవారుజామున వచ్చింది."

రెండు.

"పగలా అండీ? పగలు వచ్చిందా?"

ఒకటి. కానీ వేళ్లు ఇంకా లేచే ఉన్నాయి. ఇంకా ఏదో ఉంది ఆ వాక్యంలో. గాలితో అన్నాను, కాదన్నారు. చప్పుడు లేకుండా అన్నాను, కాదన్నారు. ఎవరూ చూడకుండా అన్నాను. రెండుసార్లు తట్టి, అక్కడే ఆగి, నన్నే చూశారు.

కోడలు సంత నుంచి వచ్చి దీపం పెట్టేసరికి కాగితం మీద ఒక్క వాక్యం నిలిచింది.

వరద పట్టపగలు, అందరూ చూస్తుండగా వచ్చింది.